దిక్కులేని వాడికి దిక్కెవరు?

 

మన నాలుక మీద దేవుడు ఎన్నిచోట్ల కూర్చున్నాడో ఎప్పుడైనా చూసుకున్నారా? గుళ్ళో దేవుడి సంగతో, చర్చిలో దేవుడి సంగతో కాదు నేనంటున్నది. 22 ప్రతిజ్ఞలు చదివి ఆ గడపలు దిగి వచ్చినవాళ్ళం మనం. మాటల్లో మిగిలిపోయిన దేవుడి గురించి చెబుతున్నాను. రాత్రిపూట దారిలో బండి ఆగిపోతుంది. ఎవరో ఆగి సీసాతో పెట్రోలు పోస్తారు. 'దేవుడిలా వచ్చావయ్యా' అంటాం. పిల్లాడి ఫీజు కట్టాల్సిన ఆఖరి రోజున మేనమామ డబ్బు సర్దుతాడు. 'సమయానికి దేవుడల్లే ఆదుకున్నావు మావయ్యా' అంటాం. పెట్రోలు పోసినవాడు నవ్వుకుంటూ వెళ్ళిపోతాడు. ఆ పెట్రోలు తన బండిలోంచి తీసిందేననీ, మన మూలంగా అతను అరగంట ఆలస్యంగా ఇల్లు చేరాడనీ మనకి తోచదు. అతని పేరన్నా అడగం. కష్టపడిన వాడొకడు, మెప్పు జమ అయింది ఇంకొకరి ఖాతాలో.

మాటల్లో తప్పులెన్నటానికి ఇదంతా చెప్పటం లేదు. మామూలు రోజుల్లో ఇది ఉత్త మాట అలవాటే. కానీ కష్టం వచ్చినప్పుడు ఈ అలవాటే పెద్ద ప్రశ్నయి కూర్చుంటుంది. ధమ్మ తరగతులకి వెళ్ళిన ప్రతిచోటా ఎవరో ఒకరు, ఎక్కువగా ఆడవాళ్ళు, తరగతి అయిపోయాక పక్కకి పిలిచి అడుగుతుంటారు. ఇల్లు కూలిపోయే కష్టంలో ఎప్పుడో విడిపోయిన స్నేహితులు వెతుక్కుంటూ వచ్చి నిలబడ్డారు. నిలబడి, 'నేను రాలేదు, దేవుడు పంపాడు, ఆయన్ని నమ్ముకో' అన్నారు. అప్పుడు బౌద్ధులమైన మనం ఏం చెప్పాలి? కాదంటే స్నేహాన్ని అవమానించినట్టు. అవునంటే ప్రతిజ్ఞ తప్పినట్టు. ఊరుకుంటే దొంగతనంగా ఉన్నట్టు.

ఒక సంగతి చెబుతాను. మాకు తెలిసిన ఒక చెల్లెలుంది. పేరెందుకులెండి. భర్త తాపీ పని చేస్తాడు. ఇద్దరూ ఆరేళ్ళ కిందట ధమ్మ దీక్ష తీసుకున్నారు. మొన్న మిరప కోతల కాలంలో అతను కట్టుబడి పనిలో కర్రల మీంచి పడ్డాడు. నడుం విరిగింది. పని చేయించుకున్న కాంట్రాక్టరు మొదటిరోజు అంబులెన్సు దాకా వచ్చాడు, రెండోరోజు నుంచి ఫోన్ ఆపేసుకున్నాడు. సంఘం తరఫున పదిమంది ఆసుపత్రికి వెళ్ళారు, పళ్ళు ఇచ్చారు, డాక్టరుతో మాట్లాడారు, సాయంత్రానికి తిరిగొచ్చారు. ఆ తర్వాత రాత్రులు మొదలయ్యాయి. ఆసుపత్రి రాత్రులు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. మగమనిషిని పక్కకి తిప్పాలంటే ఇద్దరుండాలి. మందుల చీటీ తీసుకుని ఒకరు కిందికి పోతే మంచం దగ్గర ఇంకొకరుండాలి.

నాలుగో రోజున ఒక మనిషి వచ్చింది. సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఈ చెల్లెలితో ఒకే కంచంలో తిన్న స్నేహితురాలు. పద్దెనిమిదేళ్ళయింది ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని. ఎవరో చెబితే విని, రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుని, కోతల కూలి మానుకుని, రెండు బస్సులు మారి వచ్చింది. డ్వాక్రా అప్పు డబ్బుల్లోంచి కొంత తెచ్చి చేతిలో పెట్టింది. తొమ్మిది రాత్రులు వార్డు బయట చాప వేసుకుని పడుకుంది. ఆమె విశ్వాసి, ఆదివారం మందిరం మాననిది. ఒక రాత్రి చెల్లెలు ఏడుస్తుంటే, 'నాదేం లేదే, ఆయనే పంపాడు నన్ను. ఆయన మీద భారం వెయ్యి. ఒక్కసారి ప్రార్థన చేసుకుందాం' అంది.

చెల్లెలు ఏం చేసిందో ఆమె మాటల్లోనే చెబుతాను. 'దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నా అన్నా. అది దాని దేవుడితో మాట్లాడుకుంది. నేను దాని మాటలు విన్నా. అయ్యాక చెప్పా, నిన్ను ఎవరు పంపారో నాకు తెలీదే, వచ్చింది నువ్వు, నేను నిన్ను నమ్ముకున్నా అని. అది నవ్వింది. నువ్వు మారవే అంది.'

ఈ సంగతి బయటికొచ్చాక రెండు రకాల మాటలు విన్నాను. కుర్రవాళ్ళు కొందరు, ప్రార్థనలో కూర్చుంది కాబట్టి ప్రతిజ్ఞ తప్పినట్టే, క్షమాపణ చెప్పించాలన్నారు. ఒక పెద్దాయన, 'ఏ దేవుడైతేనేంరా, మంచి జరిగింది కదా, అన్నీ ఒకటే' అన్నాడు. రెండూ నాకు ఒప్పుకోబుద్ధి కావటం లేదు. ఎందుకో చెబుతాను.

కుర్రవాళ్ళ మాట ముందు చూద్దాం. బాబాసాహెబ్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో మనకిచ్చిన ప్రతిజ్ఞల్లో దేవుళ్ళని నమ్మను, పూజించను అని ఉంది. సాటి ప్రాణుల మీద కరుణ చూపిస్తాను అని కూడా ఉంది. స్నేహితురాలు ఏడ్చి ప్రార్థించుకునేటప్పుడు చెయ్యి వదిలించుకుంటాను అని మాత్రం ఎక్కడా లేదు. పక్కన కూర్చోవటం పూజ కాదు. ఆసుపత్రి వరండాలో అర్ధరాత్రి, తొమ్మిది రాత్రులుగా నిద్రలేని మనిషితో దేవుడు ఉన్నాడా లేడా అని వాదం పెట్టుకోవటం హేతువాదం అనిపించుకోదు. దానికి వేరే పేరుంది, మర్యాద కాదని రాయటం లేదు. బిడ్డ శవాన్ని చంకనేసుకుని మందిమ్మని వచ్చిన కిసాగోతమికి బుద్ధుడు ఉపన్యాసం చెప్పలేదు. చావెరగని ఇంటి నుంచి గుప్పెడు ఆవాలు తెమ్మన్నాడు. ఇల్లిల్లూ తిరిగేసరికి, ప్రతి గడపలోనూ ఒక చావు కథ వినేసరికి, ఆమెకే అర్థమైంది. నిజం చెప్పటానికి కూడా ఒక సమయం ఉంటుంది.

పెద్దాయన మాట ఇంకా తియ్యగా ఉంటుంది కాబట్టి ఇంకా జాగ్రత్తగా చూడాలి. 'అన్నీ ఒకటే' అయితే మనం నాగపూర్ దాకా నడవాల్సిన పనే లేదు. మెప్పు ఎవరి ఖాతాలో పడుతుందన్నది చిన్న విషయం కాదు. ఆ స్నేహితురాలిని దేవుడు పంపాడనుకుందాం. మరి పక్క మంచం మీద ఒక ముసలాయన పడి ఉన్నాడు, తొమ్మిది రోజుల్లో అతని కోసం ఒక్కరూ రాలేదు. అతనికి ఎందుకు పంపలేదు? కర్రల మీంచి పడేటప్పుడు ఎందుకు పట్టుకోలేదు? ఈ ప్రశ్నలు పాతవే. ఎగతాళికి వెయ్యటం లేదు. జవాబుగా ఏం చెబుతారో ఆలోచించండి. 'ఆయన చిత్తం' అంటారు. కొందరు 'పూర్వజన్మ కర్మ' అంటారు. బౌద్ధుల్లోనూ ఆ మాట అనేవాళ్ళున్నారు, అది మరీ దారుణం. ఈ జన్మలో అంటరానివాడిగా పుట్టటం పోయిన జన్మ పాపమని చెప్పి మనల్ని ఇన్ని తరాలు తొక్కిపెట్టిన మాట అదే. అందుకే బాబాసాహెబ్ ఆ వాదాన్ని 'బుద్ధుడు - అతని ధమ్మం'లో గట్టిగా తోసిపుచ్చారు. 'ఆయన చిత్తం' అన్నా, 'కర్మ' అన్నా చివరికి జరిగేదొకటే. రాని కాంట్రాక్టరుకి తప్పు అంటదు. కోతల కూలి మానుకుని వచ్చిన ఆడమనిషికి మెప్పు దక్కదు. ఇద్దరూ పైవాడి చేతిలో బొమ్మలే అయిపోతారు.

ఇక్కడొకటి నిజాయితీగా ఒప్పుకోవాలి. ఆమె నమ్మకమే ఆమెని బస్సెక్కించింది కావచ్చు. రోగుల్ని పరామర్శించాలని ఆమె మందిరంలో చెప్పారు, ఆమె పాటించింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడితే మనమే చిన్నవాళ్ళమవుతాం. మన మాల మాదిగ పల్లెల చరిత్ర తెలిసినవాళ్ళెవరూ అలా మాట్లాడలేరు. 1876-78 నాటి పెద్ద కరువులో ఒంగోలులో ఉన్న క్లౌ దొర, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ, బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తానే తీసుకుని కరువుబడ్డవాళ్ళకి పని చూపించాడు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. గంజి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు ఉన్నన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తీరాక, 1878 జులై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. ఆ లెక్క చూసి కొందరు దేవుడి మహిమ అంటారు, కొందరు దొరల కుట్ర అంటారు. నాకైతే వేరే సంగతి కనబడుతుంది. ఊరు గంజి నీళ్ళు కూడా పొయ్యని కాలంలో పక్కన నిలబడి పని చూపించిన మనిషిని, అతనితో పాటు తిరిగిన మన సొంత మాదిగ బోధకుల్ని జనం నమ్మారు. వాళ్ళు ఎవర్ని నమ్మమంటే వాళ్ళని నమ్మారు. ముందు మనిషి మీద గురి కుదిరింది, దేవుడు ఆ వెనకాల వచ్చాడు.

అయితే ఆ స్నేహితురాలి మంచితనం దేవుడి ఆజ్ఞ మీదే ఆధారపడి ఉందా? ఆజ్ఞ లేకపోతే వచ్చేది కాదా? వచ్చేదనే నేననుకుంటాను. హాస్టల్లో ఒకే కంచంలో తిన్నప్పుడు ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. మంచితనం ఆజ్ఞ మీద నిలబడితే ఏమవుతుందో బాబాసాహెబ్ జీవితంలోనే ఉంది.

1917లో ఆయన అమెరికా, లండన్ చదువుల నుంచి తిరిగొచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్ళారు. అంటరానివాడికి ఊళ్ళో ఇల్లు దొరకదు. పార్శీల సత్రంలో పార్శీ పేరు పెట్టుకుని ఉండాల్సి వచ్చింది. పదకొండో రోజున పొద్దున్నే డజను మంది పార్శీలు కర్రలు పట్టుకుని వచ్చి, సత్రాన్ని మైలపరిచావని నిలదీసి, సాయంత్రంలోగా ఖాళీ చెయ్యమన్నారు. ఆ కర్రలు పట్టినవాళ్ళు తమ ధర్మాన్ని కాపాడుకుంటున్నామనే అనుకున్నారు. అప్పుడు ఆయన ఏం చేశారో మనలో చాలామంది గమనించరు. స్నేహితుల దగ్గరికి వెళ్ళారు. ఒకాయన హిందువు. 'నువ్వు మా ఇంటికొస్తే మా నౌకర్లు వెళ్ళిపోతారు' అన్నాడు. ఇంకొకాయన క్రైస్తవుడు, అంతకుముందు తన ఇంట్లో ఉండమని పిలిచినవాడే. భార్య రేపు వస్తుంది, ఆమెని అడగాలి అన్నాడు. ఆ భార్యాభర్తలు బ్రాహ్మణ కుటుంబం నుంచి మారినవాళ్ళు. భర్త మారాడు గానీ భార్య ఆచారం మారలేదన్న సంగతి ఆయనకి తర్వాత తెలిసింది. ఇక అడగటానికి ఎవరూ లేరు. కమాఠీ బాగ్ అనే తోటలో కూర్చుని, రాత్రి తొమ్మిది గంటల రైలు దాకా గంటల తరబడి గడిపారు. పెద్ద చదువులు చదివిన మనిషి, వయసు 26 ఏళ్ళు. కళ్ళ నీళ్ళు ఆగలేదు.

ఆ రోజున ఆయన పార్శీలందరి మీదా తలుపు మూసుకుని ఉండొచ్చు. మూసుకోలేదు. మూడేళ్ళ తర్వాత, 1920లో, ఆగిపోయిన చదువు పూర్తి చేయటానికి మళ్ళీ లండన్ వెళ్ళాలి. కాలేజీలో పాఠాలు చెప్పి కూడబెట్టిన డబ్బు చాలదు. కొల్హాపూర్ మహారాజు కొంత సాయం చేశాడు. అయిదు వేల రూపాయలు అప్పుగా ఇచ్చింది ఎవరనుకున్నారు? నావల్ భతేనా. అమెరికాలో చదువుకునే రోజుల నాటి స్నేహితుడు. పార్శీ! ఆ రోజుల్లో అయిదు వేలంటే ఎంతో మీరే ఊహించుకోండి. కర్రలు పట్టుకుని వచ్చింది పార్శీలే. చదువు నిలబెట్టింది కూడా ఒక పార్శీనే. సత్రం దగ్గరికి వచ్చిన గుంపుకీ, భతేనాకీ మతం ఒక్కటే. తేడా మతంలో లేదు, మనిషిలో ఉంది, ఆ స్నేహంలో ఉంది. 'దేవుడిని నమ్ముకో' అనే మాటకి బరోడా తోటలోని ఆ సాయంత్రానికి మించిన జవాబు నాకు దొరకలేదు.

ఇక మన తెలుగు సామెత దగ్గరికి వస్తాను. 'దిక్కులేని వాడికి దేవుడే దిక్కు' అంటారు. ఈ సామెత ఎవరి నోట పుట్టిందో గానీ, అందులో రెండు 'దిక్కు'లున్నాయి. మొదటి దిక్కు మనిషి. అంటే చూసేవాళ్ళు, చేసేవాళ్ళు. అది లేకపోతేనే రెండో దిక్కు. సామెత కట్టినవాళ్ళకి కూడా తెలుసన్నమాట, దేవుడు రెండో వరసలోనే వస్తాడని.

ఈ 'దిక్కు' అన్న మాట మీదే బుద్ధుడు ఒక పెద్ద పాఠం చెప్పాడు. రాజగృహంలో సిగాలుడనే యువకుడు తెల్లవారుజామున స్నానం చేసి, తడిబట్టలతో, తడిజుట్టుతో ఆరు దిక్కులకీ తిరిగి తిరిగి దణ్ణం పెడుతున్నాడు. ఎందుకు నాయనా అంటే, మా నాన్న చనిపోతూ పెట్టమన్నాడు అన్నాడు. బుద్ధుడు మూఢుడా అని తిట్టలేదు. చనిపోయిన తండ్రి మాట అది. దిక్కులకి మొక్కే పద్ధతి ఇది కాదని మొదలుపెట్టి, దిక్కులంటే ఎవరో చెప్పాడు. తూర్పంటే తల్లిదండ్రులు. దక్షిణమంటే చదువు చెప్పినవాళ్ళు. పడమరంటే భార్యాబిడ్డలు. ఉత్తరమంటే స్నేహితులు. కింది దిక్కు మన దగ్గర పనిచేసేవాళ్ళు. పై దిక్కు మంచిదారి చెప్పే శ్రమణుల వంటివాళ్ళు. ఇది దీఘనికాయంలో ఉంది, సిగాలోవాద సుత్తమంటారు. తెలుగులో దిక్కు అంటే ఆసరా అని కూడా అర్థం ఉంది కాబట్టి, ఈ సుత్తం మనకి అర్థమైనంత సూటిగా ఇంకే భాషవాళ్ళకీ అర్థం కాదేమోనని నాకు గర్వంగా ఉంటుంది.

కింది దిక్కు గురించి ఒక్కమాట చెప్పి వెళ్ళిపోతాను. పని చేయించుకునేవాడు శక్తికి తగ్గ పని ఇవ్వాలనీ, తిండీ కూలీ ఇవ్వాలనీ, జబ్బు చేస్తే చూడాలనీ అందులో ఉంది. ఆ కాంట్రాక్టరు చెయ్యనిది సరిగ్గా అదే. అతని మీద ప్రార్థన పనిచెయ్యదు, చట్టం పనిచేస్తుంది. 1996లో భవన నిర్మాణ కార్మికుల కోసం చట్టం వచ్చింది, సంక్షేమ బోర్డులు వచ్చాయి. తాపీ పని, రాడ్ బెండింగు, సెంట్రింగు, రంగుల పని చేసే మనవాళ్ళు అందులో పేరు నమోదు చేయించుకున్నారో లేదో ముందు చూడండి. పేరు లేకపోతే సాయం అడగటానికి దారి మూసుకుపోతుంది.

ఉత్తర దిక్కు, స్నేహితులు. స్నేహితుడికి ఇవ్వటం, మంచిగా మాట్లాడటం, పనికి రావటం, సమానంగా చూడటం, మాట తప్పకపోవటం మన వంతు. భయంలో ఆసరా కావటం, ఆపదలో వదిలెయ్యకపోవటం అతని వంతు. సమానంగా చూడటం అన్న మాట దగ్గర ఆగండి. భక్తుడికీ దేవుడికీ మధ్య సమానత్వం ఉండదు. ఒకరు ఎప్పుడూ అడిగేవాడే, ఒకరు ఎప్పుడూ ఇచ్చేవాడే. స్నేహంలో ఈ ఏడు నీది, వచ్చే ఏడు నాది. రేపు ఆ స్నేహితురాలికి కష్టం వస్తే ఈ చెల్లెలు రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుని బస్సెక్కాలి. సాయం దేవుడిదని తేల్చేస్తే ఆ బాకీ ఎవరికి తీర్చాలి? హుండీలో వెయ్యాలా? కానుకల సంచిలో వెయ్యాలా? మనిషిదని తెలిస్తేనే మనిషికి తీరుస్తాం. ఇదే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది.

అదే సుత్తంలో దొంగ స్నేహితుల జాబితా కూడా ఉంది. అందులో ఒకడు మాటల స్నేహితుడు. అప్పట్లో నీకు ఎంత చేద్దామనుకున్నానో అంటాడు, ముందు ముందు ఎంత చేస్తానో అంటాడు, ఇప్పుడు కావాలంటే మాత్రం తనకి ఇబ్బందిగా ఉందంటాడు. చదివినప్పుడల్లా నాకు మన సంఘాలు గుర్తొస్తాయి. ఏప్రిల్ 14కి ఫ్లెక్సీలు కడతాం, డిసెంబరు 6కి కొవ్వొత్తులు వెలిగిస్తాం, బుద్ధ పూర్ణిమకి పాయసం వండుతాం. బొమ్మ దగ్గర మైకులో మాట్లాడమంటే పదిమంది లేస్తారు. వార్డులో రాత్రి పడుకోమంటే? మనవాళ్ళు దీక్ష తీసుకుని రెండేళ్ళకే మళ్ళీ మందిరానికో గుడికో వెళ్ళిపోయారని కోప్పడతాం. వాళ్ళు సిద్ధాంతం చదివి వెళ్ళలేదు. బాలింతకి పథ్యం వండి పెట్టటానికి పాస్టరమ్మ వచ్చింది, శవం దగ్గర రాత్రంతా కూర్చోవటానికి నలుగురు విశ్వాసులు వచ్చారు. మనిషి దొరికిన చోటికి మనుషులు వెళ్ళారు. దాన్ని అజ్ఞానమని రాసేసుకుంటే మనకి సుఖంగా ఉంటుంది, అంతే.

సంఘంలో కూడా దిక్కులేనివాళ్ళు ఉంటారు. బుద్ధుడి కాలంలోనే ఉన్నారు. ఒక భిక్కువు విరేచనాలు పట్టుకుని, తన మలంలోనే పడి ఉన్నాడు. బుద్ధుడు ఆనందుణ్ణి వెంటబెట్టుకుని ఆవాసాలు చూస్తూ అటు వచ్చాడు. నిన్ను చూసేవాళ్ళు లేరా అంటే లేరన్నాడు. ఎందుకు చూడటం లేదంటే, నేను వాళ్ళెవరికీ ఏ పనికీ రాలేదు, అందుకే చూడటం లేదన్నాడు. ఆ జవాబు చదివితే నాకు గుండె కలుక్కుమంటుంది. బుద్ధుడు ఆనందుణ్ణి నీళ్ళు తెమ్మన్నాడు. బుద్ధుడు నీళ్ళు పోశాడు, ఆనందుడు కడిగాడు. ఒకరు తలవైపు, ఒకరు కాళ్ళవైపు పట్టుకుని లేపి మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత భిక్కువులందర్నీ పిలిచి, మీకిక్కడ తల్లి లేదు, తండ్రి లేడు, ఒకరికొకరు చేసుకోకపోతే ఎవరు చేస్తారని అడిగాడు. తనకి సేవ చెయ్యాలనుకునేవాళ్ళు రోగికి సేవ చెయ్యమన్నాడు. చూడండి, పక్క మంచం మీది ముసలాయన లాంటి మనిషి విషయంలో బుద్ధుడు దేవుడున్నాడని ధైర్యం చెప్పలేదు, లేడని వాదించనూ లేదు. కుండ పట్టుకున్నాడు.

మరి నమ్మకం సంగతేమిటి? నమ్మకం లేకుండా మనిషి కష్టంలో నిలబడగలడా అని అడుగుతారు. నిలబడలేడు. ధమ్మంలోనూ నమ్మకం ఉంది. పాళీలో సద్ధ అంటారు. కాకపోతే అది కళ్ళు మూసుకుని భారం వేసేది కాదు, చూసి, పరీక్షించి, ఆ తర్వాత కుదిరే గురి. బుద్ధుడు దారి చూపేవాడే గానీ మోక్షం ఇచ్చేవాడు కాదని బాబాసాహెబ్ తేల్చి చెప్పారు. మార్గదాత, మోక్షదాత అన్న రెండు మాటలూ మీరు వినే ఉంటారు. మనం చెప్పుకునే మూడు శరణాల్లో మూడోది సంఘం, అంటే మనుషులు. ఆసరాగా మనుషుల పేరే పెట్టి రోజూ పొద్దున చెప్పుకునే శరణం అది. ఒకసారి ఆనందుడు, మంచి స్నేహితులుంటే ఈ మార్గంలో సగం నడిచినట్టే కదా అన్నాడు. అలా అనొద్దు ఆనందా, సగం కాదు, మొత్తం అదే అన్నట్టుగా బుద్ధుడు సరిదిద్దాడు. అలాంటి స్నేహితుణ్ణే కల్యాణమిత్రుడంటారు. మనిషి ఒంటరిగా ఉంటే ధమ్మంతో పనిలేదనీ, ఇద్దరు కలిసి బతకాల్సి వచ్చినప్పుడే ధమ్మం కావాలనీ బాబాసాహెబ్ రాశారు. మనిషి మనిషిని ప్రేమించటానికి పైనుంచి అనుమతి అక్కర్లేదనేది ఆయన ధమ్మానికి పునాది.

అందుకని ఆ చెల్లెలు చెప్పిన జవాబే సరైనదని నా అభిప్రాయం. 'వచ్చింది నువ్వు, నిన్ను నమ్ముకున్నా.' అందులో అబద్ధం లేదు. అవమానం లేదు. స్నేహితురాలి దేవుణ్ణి ఆమె లాక్కోలేదు, తన ధమ్మాన్ని ఆమెకి తాకట్టు పెట్టలేదు. క్షమాపణ చెప్పించాలన్న కుర్రవాళ్ళకి నేను ఒకటే అన్నాను, ముందు ఆ తొమ్మిది రాత్రుల్లో మీరు ఏ రాత్రి ఉన్నారో చెప్పండి, తర్వాత మాట్లాడదాం అని. వాళ్ళు మంచి పిల్లలే. ఒకడు ఆ రాత్రే వెళ్ళాడు. స్నేహితురాలిని ఊరికి పంపి, ముసలాయన మూత్రం సంచి కూడా వాడే మార్చాడట.

మీలో చాలామందికి ఇలాంటి పాత స్నేహాలు ఉంటాయి. దీక్ష తీసుకున్నాక దూరమైనవి, వాళ్ళు బాప్తిస్మం తీసుకున్నాక దూరమైనవి, మాల-మాదిగ తగువుల్లో తెగిపోయినవి. వాళ్ళు కష్టంలో ఉన్నారని వింటే వాళ్ళ మతం అడక్కుండా వెళ్ళండి. వెళ్ళినప్పుడు బుద్ధుడు పంపాడని మాత్రం చెప్పకండి. ఆ గొడవ మళ్ళీ మొదటికొస్తుంది. నేనే వచ్చానని చెప్పండి.

ఇక సంఘం పని. ప్రతి విహారంలోనూ వందన పుస్తకం పక్కన ఒక నోటు పుస్తకం పెట్టండి. వచ్చే పౌర్ణమి వందనకి వచ్చేటప్పుడు మీ వీధిలో ఎవరు ఆసుపత్రిలో ఉన్నారో, ఎవరింట్లో బాలింత ఉందో, ఏ ముసలివాళ్ళు ఒంటరిగా ఉన్నారో రాసుకుని రండి. బౌద్ధుల పేర్లే రాయక్కర్లేదు. క్యారేజీ ఎవరు తీసుకెళ్ళాలి, రాత్రికి ఇద్దరెవరుండాలి, ఆటో ఎవరిది అన్నది అక్కడే తేల్చుకుని, ఆ తర్వాతే పాయసం గిన్నె మూత తీద్దాం.